ముందు బయటికి తీయండి

నాకప్పుడు పదేళ్లు. కార్తీకమాసంలో ఒక సోమవారం అమ్మమ్మతో కోటప్పకొండ మెట్లెక్కుతున్నాను. నరసరావుపేట చుట్టుపక్కల పుట్టినవాళ్లకి కోటప్పకొండ అనగానే శివరాత్రి ప్రభలు గుర్తొస్తాయి. ఆ రోజు ప్రభలూ లేవు, తిరనాళ్ల జనమూ లేరు. ఒక్కొక్క మెట్టూ ఎక్కడం విసుగనిపించి నేను పక్కనున్న బండల మీదికి వెళ్లాను. రెండు గుండ్ల మధ్య సందులోకి కుడికాలు జారి, చీలమండ దాకా దిగి బిగుసుకుపోయింది. లాగినకొద్దీ ఇంకా బిగిసింది.

నా ఏడుపు విని నలుగురైదుగురు చేరారు. "ఆడపిల్లకి ఆ గుండ్ల మీద ఏం పనమ్మా?" అన్నాడొకాయన. "పెద్దదానివి, నువ్వు చూసుకోబళ్లా?" అని అమ్మమ్మని అడిగాడు ఇంకొకాయన. పట్టీలు పెట్టుకుని బండలెక్కటమేమిటని మరొకావిడ. అందరూ మంచివాళ్లే. కానీ అందరూ మాట్లాడుతున్నారు, నా కాలు రాతిలోనే ఉంది. అమ్మమ్మ ఒక్కటే అంది: "అడగటానికి తర్వాత బోలెడంత టైముంది అబ్బాయ్, ముందు పిల్లని బయటికి తీయండి." దీపానికని తెచ్చిన నువ్వులనూనె సీసా మొత్తం నా చీలమండ మీద వంపేసింది. ఎవర్నీ లాగనివ్వలేదు. పాదం దిగిన దారినే మెల్లగా తిప్పుకుంటూ రమ్మంది. కాలొచ్చింది. వెండి పట్టీ ఒకటి ఆ సందులోనే ఉండిపోయింది.

దాని గురించి ఇంట్లో చాలా రోజులు మాట్లాడుకున్నారు. పట్టీ పోయినందుకు కాదు, నేను ఎందుకెక్కాననే దాని గురించి. అమ్మమ్మ మాత్రం ఎప్పుడూ అడగలేదు. చాలా ఏళ్ల తర్వాత పల్నాటి వీరగాథల మీద పరిశోధన చేస్తూ, మళ్లీ మళ్లీ ఆ కొండల దగ్గరికే వెళ్లాల్సి వచ్చినప్పుడు, మా కొండ మీదే ఇంకొక ఆడపిల్ల రాతిలో చిక్కుకుపోయిందనీ, ఆమెని ఎవరూ బయటికి తీయలేదనీ నాకు తట్టింది. ఆమె పేరు ఆనందవల్లి. అందరూ పిలిచే పేరు గొల్లభామ.

కథ మా ప్రాంతంలో తెలియనివాళ్లుండరు. కొండకావూరు గొల్లవారి పిల్ల. రుద్రశిఖరం మీద ఉన్న జంగమదేవరకి పాలూ, అభిషేకానికి నీళ్లూ రోజూ మోసుకెళ్లి ఇచ్చేది. బిందె మీద వాలి నీళ్లు ఒలికించిన కాకిని శపించిందనీ, అందుకే కోటప్పకొండ మీద కాకి వాలదనీ చెబుతారు. ఈ కాకి కథని భక్తి మహిమగానే విన్నాం గానీ, అది ఒక పనిమనిషి కోపమని ఎప్పుడైనా అనుకున్నామా? కింది నుంచి మోసుకొచ్చిన బిందె ఒలికిపోతే మళ్లీ కొండ దిగి, మళ్లీ ఎక్కాల్సింది ఆమే.

పెళ్లి కాని ఆ పిల్ల గర్భవతి అయింది. దేవుడే పరీక్షించడానికి గర్భం ఇచ్చాడంటుంది కథ. ఆ కడుపుతోనే కొండ ఎక్కింది. ఎక్కలేక, స్వామీ నువ్వే కిందికి రావయ్యా అని అడిగింది. వస్తాను, నువ్వు ముందు నడువు, ఎంత చప్పుడైనా వెనక్కి తిరిగి చూడకు అన్నాడు. కొంత దూరం దిగాక వెనక కొండ పగిలినట్టు పెద్ద శబ్దం. ఆమె తిరిగి చూసింది. ఆయన అక్కడే ఆగి బిలంలోకి వెళ్లి లింగమైపోయాడు. అది బ్రహ్మశిఖరం. ఇవాళ మనం వెళ్లే త్రికోటేశ్వరుడి గుడి అదే. మరి ఆమె? శివుడిలో ఐక్యమైందని కొందరంటారు. శిలైపోయిందని కొందరు. ఆమె గుడి ఆయన గుడికి కింద ఉంటుంది. ముందు గొల్లభామని చూసి, తర్వాత స్వామిని చూడాలన్నది ఆచారం.

నేను ఈ కథని భక్తి లేకుండా చదవమనడం లేదు. ఆమెకి దణ్ణం పెట్టుకునే ఆడవాళ్లలో మా అమ్మమ్మ కూడా ఉంది. నా ప్రశ్న వేరు. కొండలో చిక్కుకున్న మనిషి కథలో, ఆ మనిషిని బయటికి తీసే ప్రయత్నం ఎవరూ ఎందుకు చేయరు? ఊరుంది. తండ్రి ఉన్నాడు. ఆమె పాలు తాగినవాళ్లున్నారు. కానీ కథ ఆమెను శిల చేసి, గుడి కట్టి, ముగిసిపోతుంది. గుడి కట్టాక ఇక వెతకాల్సిన పనుండదు.

పల్నాడంతా రాతినేల. మాచర్ల, పిడుగురాళ్ల, దాచేపల్లి సున్నపురాయి మీద బతుకుతున్న ఊళ్లు. సున్నపురాయిని నీళ్లు కరిగిస్తాయి గనక ఇక్కడ బిలాలకి కొదవలేదు. అన్నిటికంటే పేరున్నది గుత్తికొండ బిలం. దానిలోకి వెళ్లిన మగవాళ్ల కథలు చూడండి. ముచికుందుడు అందులో నిద్రపోయాడు. నిద్ర చెడగొట్టిన కాలయవనుడు ఆయన చూపుకి బూడిదయ్యాడు. పన్నెండో శతాబ్దపు పల్నాటి యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు ఈ బిలంలోకే వెళ్లాడని వీరగాథ చెబుతుంది. 1969లో చారు మజుందార్ వచ్చి రహస్య సమావేశం జరిపిందీ ఇక్కడే. పురాణమైనా చరిత్రయినా మగవాడు రాతిలోకి తన ఇష్టంతో వెళ్తాడు. విశ్రాంతికి వెళ్తాడు, తపస్సుకి వెళ్తాడు, రాజకీయానికి వెళ్తాడు. అది ఆయన ఎంచుకున్న చోటు. అదే యుద్ధంలో ఎదుటి పక్షాన మంత్రాంగం నడిపిన నాయకురాలు నాగమ్మకి గురజాల దగ్గర జిట్టగామాలపాడులో గుడి ఉంది గానీ, వీరగాథలో అలాంటి బిలం దొరకలేదు. ఓడిన మగవాడికి గుహ, ఓడిన ఆడదానికి నింద.

ఆడవాళ్లు శిలలయ్యే కథలన్నిటికీ మూలమని మనం అనుకునే అహల్య దగ్గరికి ఒకసారి వెళదాం. వాల్మీకి రామాయణంలో అహల్య రాయి కాదు. గాలి మాత్రమే ఆహారంగా, బూడిదలో పడుకుని, ఎవరికీ కనపడకుండా ఉండమన్నది శాపం. రామలక్ష్మణులు వచ్చాక వాళ్లే ఆమె పాదాలకు నమస్కరిస్తారు. తర్వాతి కాలపు కథల్లో ఆమె రాయయింది, రాముడి పాదం ఆమెని తాకింది. ఎవరు ఎవరి పాదాలు ముట్టుకున్నారన్నది తలకిందులైంది. ఓల్గా 'విముక్త' కథల్లో సీతని అహల్య దగ్గరికి నడిపించినప్పుడు నాకెందుకంత ఊరటగా అనిపించిందో ఈ తేడా తెలిశాక అర్థమైంది. కాపాడటం పేరుతో అప్పటిదాకా అహల్యకి దొరికింది తీర్పు. ఓల్గా కథలో దొరికింది ఒక మనిషి తోడు.

ఇంత పాత కథల నుంచి నిన్నమొన్నటి వార్తలకి రావడానికి కారణం ఉంది. 2022 డిసెంబర్ 13న కామారెడ్డి జిల్లా సింగరాయపల్లి అడవిలో ఒకాయన ఫోన్ పెద్ద గుండ్ల మధ్య సందులోకి జారిపోయింది. దాన్ని తీసుకుందామని దిగి ఆయన తలకిందులుగా ఇరుక్కుపోయాడు. తెలంగాణ గుట్టల్లో ఇవి కొత్త కాదు. గ్రానైటు నెర్రెల వెంబడి అరిగి అరిగి గుండ్లుగా విడిపోతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి. వాటి మధ్య సందులు పైన వెడల్పుగా, లోపలికి వెళ్లేకొద్దీ ఇరుకుగా ఉంటాయి. పోలీసులు, రెవెన్యూ, అటవీ, అగ్నిమాపక శాఖల వాళ్లు జేసీబీలతో, డ్రిల్లింగ్‌తో, చిన్నచిన్న పేలుళ్లతో ఆ రాళ్లని కొంచెం కొంచెంగా తొలిచారు. దాదాపు 42 గంటల తర్వాత ఆయన ప్రాణాలతో బయటపడ్డాడు. నేను ఆ దృశ్యాలు టీవీలో చూస్తూ చీలమండ తడుముకున్నాను.

అప్పటి నుంచి ఇలాంటి ఘటనల గురించి చదువుతూ వచ్చాను. మనిషి సందులో ఎలా బిగుసుకుంటాడు? ఊపిరి వదిలినప్పుడు ఛాతీ చిన్నదవుతుంది, ఒళ్లు కాస్త కిందికి జారుతుంది. మళ్లీ పీల్చుకుందామంటే జాగా ఉండదు. కంగారుపడి గింజుకున్నకొద్దీ ఇంకా దిగుతుంది. తలకిందులుగా ఉంటే పొట్టలోని అవయవాల బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. బయటనున్నవాళ్లకి మొదట తోచేది లాగడం. కానీ లాగితే బిగుస్తుంది. మనిషిని వచ్చిన దారినే మళ్లించాలి, లేదా రాయిని తీసేయాలి. గంటల తరబడి నలిగిన కండరాల మీద నుంచి ఒత్తిడి ఒక్కసారిగా తీసినా ప్రమాదమే. వాటిలో పేరుకున్న పొటాషియం రక్తంలో కలిసి గుండె ఆగిపోవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. అందుకే రాయి కదలకముందే వీలైతే సెలైన్ ఎక్కిస్తారు. అంతసేపూ ఎవరో ఒకరు ఆ మనిషితో మాట్లాడుతూనే ఉండాలి. కాపాడటమంటే బలం అనుకుంటాం. నిజానికి అది ఓపిక, లెక్క, మాట.

ఇంకొకటి కూడా గమనించాను. "అసలెందుకు వెళ్లావు" అన్న ప్రశ్న అన్నిచోట్లా వస్తుంది. ఎప్పుడు వస్తుందన్నదే తేడా. 2022 ఫిబ్రవరిలో కేరళలోని మలంపుళ దగ్గర కొండ మీద చిక్కుకున్న ఒక యువకుణ్ణి దాదాపు 45 గంటల తర్వాత సైన్యం వచ్చి కాపాడింది. అనుమతి లేకుండా అడవిలోకి వెళ్లాడని అటవీశాఖ కేసు పెట్టింది తర్వాతే. ముందు తీశారు, తర్వాత అడిగారు. 2024 అక్టోబర్‌లో ఆస్ట్రేలియాలోని హంటర్ వ్యాలీలో ఒక యువతి కూడా ఫోన్ కోసమే దిగి బండల మధ్య తలకిందులుగా ఇరుక్కుంది. దాదాపు ఏడు గంటలు. 500 కిలోల రాయిని కూడా జాగ్రత్తగా జరిపి ఆమెని తీశారు. ఫోన్ కోసం అంత పనా అని ప్రపంచమంతా నవ్వుకుంది. కానీ ఆ నవ్వు ఆమె బయటికొచ్చాకే. రాళ్లు జరిపినవాళ్లు ఆ ప్రశ్న తేలేదాకా ఆగలేదు.

కాపాడలేకపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2009 నవంబర్‌లో అమెరికాలోని యూటాలో నట్టీ పుట్టీ అనే గుహలో 26 ఏళ్ల వైద్యవిద్యార్థి తలకిందులుగా ఇరుక్కున్నాడు. తాళ్లూ కప్పీలూ కట్టి కొంత పైకి లాగారు కూడా. కప్పీ కట్టిన చోట రాయి విరిగి అతను మళ్లీ జారిపోయాడు. దాదాపు 27 గంటల తర్వాత చనిపోయాడు. శరీరాన్ని తీయడం సాధ్యం కాక గుహనే మూసేశారు. అతను నిజంగానే ఆ రాతిలో కలిసిపోయాడు. అయినా అది దైవలీల అని ఎవరూ అనలేదు. ప్రమాదమన్నారు. కప్పీ ఎందుకూడిందో చర్చించారు. ఆనందవల్లి విషయంలో మనం చేయనిది ఇదే. ఆమెకి జరిగినదాన్ని లీల అన్నాం. లీలలో ఏది ఊడిపోయిందో వెతికే పనుండదు.

మన చుట్టూ ఉన్న ఆడవాళ్లకి ఈ ప్రశ్న ఎప్పుడెదురవుతుందో పాఠకులకి నేను చెప్పక్కర్లేదు. ఆ టైములో అటెందుకెళ్లావు? వాడితో ఎందుకు మాట్లాడావు? అంత కష్టంగా ఉంటే ఇన్నేళ్లు ఆ ఇంట్లో ఎందుకున్నావు? ఇవన్నీ కాలు రాతిలో ఉండగానే అడిగే ప్రశ్నలు. జవాబు సరిగ్గా ఉంటేనే చెయ్యందిస్తారు. ఈ ప్రశ్నలకి భయపడి ఎంతమంది అసలు కేకే వెయ్యరో. పరిశోధన చేస్తున్న రోజుల్లో ఊళ్లకి ఒంటరిగా తిరిగేదాన్ని. ఒకసారి చీకటిపడ్డాక బస్సు తప్పిపోతే, ఇంటికి ఫోన్ చేయడానికి గంటసేపు తటపటాయించాను. బస్సు తప్పడం కంటే ఆ ఫోనే కష్టంగా తోచింది.

అలాగని ఆడవాళ్లు కొండలకి దూరంగా ఉంటే సరిపోతుందా? కొండెక్కడం నేర్చుకున్నవాళ్లని అడిగితే పగులు గురించి మరో మాట చెబుతారు. బండ నున్నగా ఉన్నచోట పైకి వెళ్లడానికి దొరికే ఆధారం పగులే. అందులోకి వేళ్లో, పిడికిలో, పాదమో దూర్చి, కావాలనే బిగిస్తారు. బరువంతా ఆ బిగింపు మీద వేసి పైకి లేస్తారు. తర్వాత మెలితిప్పి తీసుకుంటారు. ఇరుక్కోవడానికీ ఎక్కడానికీ తేడా ఆ తీసుకోవడంలోనే ఉంది. కాలిఫోర్నియాలోని ఎల్ కాపిటన్ అనే నిట్టనిలువు బండ మీద 'నోస్' అనే దారి ఉంది. సుమారు 900 మీటర్లు. తాడుని పడిపోతే పట్టుకోవడానికే తప్ప ఎక్కడానికి వాడకుండా, చేతులూ కాళ్లతోనే దాన్ని మొదట ఎక్కిన మనిషి 1993లో లిన్ హిల్. ఆడమనిషి. 1994లో అదే దారిని ఒక్క రోజులో ఎక్కింది. అంతకు ముందు పేరున్న మగవాళ్లు ప్రయత్నించి వదిలేసిన దారి అది. అందులో సన్నటి పగుళ్లే ఆమె మెట్లు.

అంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. భువనగిరి కోట నిలబడ్డ ఏకశిల మీద ఇవాళ పిల్లలు తాళ్లు కట్టుకుని ఎక్కడం నేర్చుకుంటున్నారు. నిజామాబాద్ జిల్లా పాకాలకి చెందిన లంబాడా వ్యవసాయ కూలీల కూతురు మాలావత్ పూర్ణ మొదట కొండెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటున్న ఆ అమ్మాయి 2014 మే 25న ఎవరెస్టు చేరింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. అంతవరకూ అంత చిన్న వయసులో ఆ శిఖరం చేరిన ఆడపిల్ల లేదు. ఇప్పుడా తాడ్వాయి కామారెడ్డి జిల్లాలోనే ఉంది. ఫోన్ కోసం దిగినాయన చిక్కుకున్న జిల్లా కూడా అదే. ఆ జిల్లా రాళ్ల గురించి మాట్లాడేటప్పుడు నాకు ఈ రెండూ కలిపే గుర్తొస్తాయి.

పూర్ణ ధైర్యం గురించి చాలామంది రాశారు. నన్ను ఆకట్టుకున్నది ఆ తాడు. బండెక్కేవాళ్లకి నేర్పే మొదటి పాఠాల్లో ఒకటి, కింద తాడు పట్టుకున్న మనిషిని పిలవడం. నేను సిద్ధం, నువ్వు సిద్ధమేనా అని అడగాలి. ముళ్లు ఒకరివి ఒకరు చూసుకోవాలి. తాడు వదులైతే చెప్పాలి. తిరిగి చూడకుండా, పిలవకుండా ఎక్కేవాణ్ణి ధైర్యవంతుడని ఎవరూ అనరు. ప్రమాదకరమైన మనిషి అంటారు.

ఇది తెలిసిన రోజున ఆనందవల్లి కథ నాకు పూర్తిగా మారిపోయింది. ఇన్నేళ్లూ ఆమె ఆజ్ఞ మీరిందని విన్నాను. ఆడవాళ్లకి ఓపిక లేదనడానికీ, మాట మీద నిలబడరనడానికీ ఆ కథని ఉదాహరణగా చెప్పగా విన్నాను. కానీ ఆమె చేసిందేమిటి? నిండు కడుపుతో కొండ దిగుతోంది. వెనక ఇంకొకరు వస్తున్నారు. కొండ పగిలినంత చప్పుడైంది. వెనకనున్న మనిషి ఏమయ్యాడోనని తిరిగి చూసింది. కొండ మీద ఎవరైనా చేయాల్సిన పని అది. తప్పు ఏదైనా ఉంటే చూడొద్దన్న షరతుది.

చరిత్ర రాసే మనలాంటివాళ్లు చేసేదీ అదే పని. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, ఆ పుస్తకం కోసం తెలంగాణ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లతో మాట్లాడినవాళ్లు చేసింది కూడా వెనక్కి తిరిగి చూడటమే. ముందుకి నడువు, వెనక ఎవరున్నారో చూడకు అని ఉద్యమాలు కూడా ఆడవాళ్లకి చెప్పిన రోజులవి. చూస్తేనే తెలుస్తుంది ఎవరు రాలేదో, ఎవరు ఏ సందులో ఆగిపోయారో.

మొన్న కార్తీకంలో మళ్లీ కొండకి వెళ్లాను. అమ్మమ్మ లేదిప్పుడు. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరాయి. నేను మెట్లదారినే వెళ్లాను. నా పట్టీ ఉండిపోయిన గుండ్లు ఏవో గుర్తుపట్టలేకపోయాను. నాకు కొంచెం ముందు ఒక తల్లీ కూతురూ ఎక్కుతున్నారు. పిల్లకి ఎనిమిదేళ్లుంటాయేమో, మెట్లు వదిలేసి పక్కనున్న బండ మీదికి పాకింది. తల్లి "దిగవే" అని అరవబోయి, ఏమనుకుందో, ఆ బండ కిందికెళ్లి చేతులు చాచి నిలబడింది. "ఆ పక్కన సందుంది, కాలు అటెయ్యకు" అంది. పిల్ల పైనుంచి తిరిగి చూసింది. అమ్మ అక్కడే ఉందని చూసుకుని, ఇంకొంచెం పైకెక్కింది.

నేను గొల్లభామ గుడి దగ్గర ఆగాను. తెచ్చిన నువ్వులనూనెతో దీపం పెట్టాను. కొంచెం సీసాలోనే ఉంచుకుని పైకి నడిచాను.